తీయని బారికేడు

మునివెంకటప్ప మెడలోంచి కోసిన గడ్డ
గాజుపలక మీద నాలుగు మైక్రాన్ల మందాన ఉంది.
ఆయన బయట బల్ల మీద.
మడివాళ సిగ్నల్లో ఇరవై ఏళ్లు ఊదిన విజిల్‌ని
జేబులోంచి తీసి తుడుస్తున్నాడు, ఊరికే.

బి కణం, జ్వరమొచ్చిన రోజున,
లింఫు గడ్డలో ఒక చీకటి వాడకు చేరుతుంది.
తన రాతను తనే గీకి తిరగరాసుకుంటుంది.
వెలుతురు వాడకొచ్చి పరీక్షకి నిలబడుతుంది.
ఓడితే రాలిపోవడమే. ఓడేవే ఎక్కువ.
అందాకా బయటి దారులన్నిటికీ
ఒక ఎంజైము అడ్డు పెడుతుంది.
అక్షరం చెరపదు, కొట్టివేయదు,
పోగు చుట్టిన కండె మీద మూడు మిథైల్ చుక్కలు పెట్టి
ఇప్పుడు కాదు, అంటుంది. అంతే.

పనయ్యాక చుక్కలు చెరిగిపోవాలి.
కణం ప్రతిరక్షకాలు నేసే మగ్గం కావాలి,
లేదా అరవై ఏళ్ల కిందటి తట్టును
గుమ్మంలోనే పోల్చుకునే ముసలి జ్ఞాపకం కావాలి.

ఈయనలో చెరగలేదు.
అడ్డు పెట్టేవాడి రాతలోనే ఒక్క అక్షరం మారింది.
వాడికిక ఆపడం తప్ప ఏదీ రాదు.
బయటికి పోలేని కణాలు అక్కడే
ఒకటి రెండై, రెండు నాలుగై...
నా పలక నిండా గోధుమరంగు.

రిపోర్టు చెప్పడం నా పని కాదు.
కానీ ఆయనది మా కోలారు తెలుగు.
"యామ్మా, నా రాతే తప్పా? పిల్లోళ్లకీ వస్తాదా?"
పుట్టినప్పటి రాత సరిగ్గానే ఉంది, పిల్లలకి రాదు,
ఒక దారి మూశారు, తీయలేదు, అన్నాను.

విజిల్ జేబులో వేసుకున్నాడు.
"ఎనిమిదేండ్ల కింద పైపుల పనికని
నేనే ఒక బారికేడు పెట్టినా. మూణ్ణెల్లనిరి.
పని అయిపాయ. తీయమని చెప్పేవోడే రాలా.
ఇప్పుడు టీ అంగడోడు దాని మీద గుడ్డలారేస్తాడు."

అడ్డు ఎత్తే మాత్ర ఒకటుందని డాక్టర్ రోహిణమ్మ చెప్తుంది.
అందరిలో ఎత్తదనీ చెప్తుంది.
ధర సంగతి చివర్న, కాస్త గొంతు తగ్గించి.

సాయంత్రం వాన.
నా బస్సు దాన్ని చుట్టుకునే పోయింది, రోజూ పోతున్నట్టే.
తడి తువ్వాలు గాలికి లేచినప్పుడు చూశాను,
రేకు మీద తెల్లపెయింటుతో, కన్నడంలో:
తాత్కాలిక.
మన మాటే.
చివరి సున్నా ఒక్కటే లేదు.