వాల్వు తిప్పే చెయ్యి

తెల్లారగట్ల నాలుగున్నరకి
యారాడ కొండ మీద దీపం ఇంకా తిరుగుతూనే ఉంటుంది.
సైకిలుకి ఇనప చువ్వ కట్టుకుని
గెడ్డ గట్టు వెంట పోతాను.
మూత తీసి, చువ్వ దింపి
పదకొండు చుట్లు.
మట్టి కింద పైపు ముందు దగ్గుతుంది,
తర్వాత నీళ్ళు.
నా పేరు సన్యాసయ్య అని
జీతం రోజున తప్ప నాకూ గుర్తుండదు.
వీధంతా నీళ్ళబాబే అంటుంది.

ఆ మంగళవారం మొదటి బిందె
టీ డికాషన్ రంగులో వచ్చింది.
నూకరత్నం పారబోసింది.
రెండోది కాస్త నయం.
మూడోది తేట.
తేటగా ఉంటే మంచివే కదా
అనుకుంది,
నేనూ అదే అనుకున్నాను.

ముందు చిన్నగుంటడు.
నిక్కరు రెండుసార్లు మార్చింది, మూడోసారి మార్చడానికి లేదు.
అది ఉతికిన చేత్తోనే
చద్దన్నంలో ఉల్లిపాయ నలిపి మావకి పెట్టింది.
సబ్బు లేక కాదు. గూట్లో ఉంది,
అగ్గిపెట్టంత,
నెలాఖరు దాకా మొహాలకని దాచింది.
తప్పెవరిదో తేల్చడానికొచ్చేవాళ్ళు
ఆ సబ్బు ముక్కని కూడా
ఓసారి అరచేతిలో పెట్టుకు చూడాలి.

నాలుగు వాటాలకి ఒకటే దొడ్డి.
దాని గడియ ఎప్పుడూ తడిగానే ఉంటుంది.
రాత్రికి ముసలాడు సూరప్పడు
ఆ గడియ తొమ్మిదిసార్లు తీశాడు.
పక్క వాటా ఎల్లాజీ తెల్లారి ఒకసారే తీశాడు,
బేగి పనుంది, హార్బరుకెళ్ళాలి.
పెళ్ళానికి ఇడ్లీ పిండి కలిపిచ్చి,
చట్నీలో ముంతెడు నీళ్ళు పోసి వెళ్ళాడు.
ఆ చట్నీ
ఆటోవాళ్ళు తిన్నారు, కళాసీలు తిన్నారు,
చెయ్యి పట్టుకుని బడికెళ్ళే
ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకే ఆకులో తిన్నారు.

శుక్రవారానికి గెడ్డ అవతల పడకలేశారు.
అవతలిది నా వాల్వు కాదు.
నీళ్ళు వెళ్ళని చోటికి
చేతులు వెళ్ళాయి.

ఆశా కార్యకర్త గౌరీశ్వరి
తలుపుల మీద సుద్దముక్కతో అంకెలేసుకుంటూ వచ్చింది.
మూడు. ఒకటి. నాలుగు.
"నీళ్ళు తాపకండర్రా, ఇంకా పోతాయి" అంటోంది ఎల్లాజీ తల్లి.
"పోయినన్నీ తిరిగి పొయ్యాలప్పా,
గుక్క గుక్కగా, చెంచాతో పొయ్యి" అని
పొడి ప్యాకెట్టు పళ్ళతో చింపబోయి
ఆగి, చేతులు కడుక్కుని, కత్తెర అడిగింది.

కేజీహెచ్ వరండాలో
కిటికీ ఊచకి వేలాడిన సీసా కింద
గుంటడు కళ్ళు తెరిచాడు.
అదే మంచం రెండో వైపు
ముసలాడు తెరవలేదు.

శనివారం తవ్వారు.
గెడ్డ కిందుగా పోయే జాయింటుకి
రబ్బరు రింగు లేదు,
సైకిలు ట్యూబు చుట్టి ఉంది.
"ఎవడు చుట్టాడిది?" అన్నాడు ఇంజనీరు.
నేనే.
రెండేళ్ళ కిందట.
రింగు కావాలని రిజిస్టరులో మూడుసార్లు రాశాక,
నాలుగోసారి రాయబుద్ధి కాక.

ఆయనే చెప్పాడు, కోపంగా కాదు, పాఠంలా:
నీళ్ళున్నంతసేపు పైపు బయటికి తోస్తుంది.
నీళ్ళాపేశాక అది ఖాళీ అవుతూ
చుట్టూ ఉన్నదాన్ని లోపలికి పీలుస్తుంది.
ఇన్నేళ్ళూ
తెరిచే చుట్లే లెక్కపెట్టుకున్నాను.
మూసే చుట్లూ పదకొండే.

పెద్దకర్మ రోజున వాకిట్లో నిలబడ్డాను,
లోపలికెళ్ళే మొహం లేక.
నూకరత్నం గ్లాసుతో వచ్చింది.
"మరగబెట్టినవేలే బాబూ, తాగు."
దానికి తెలుసో తెలీదో ట్యూబు సంగతి.
నా చేతులకేసి చూసుకున్నాను,
గోళ్ళ సందుల్లో గెడ్డ మట్టి.
"ముందు సబ్బియ్యమ్మా" అన్నాను.
లోపలికెళ్ళి తెచ్చింది.
కొత్తది.
కాగితం ఇంకా విప్పలేదు.