ఆఖరి మజిలీ

పదకొండు నెలలు దేశమంత తిరిగి
ఆఖరి రాత్రి మకాం ఎక్కడేసినమంటే
నల్లకుంటల, మా ఇంటి గేటు ముందట.
తాళంచెవి పక్కింటి రుక్మాబాయి దగ్గరున్నది,
రుక్మాబాయి యాదగిరిగుట్ట మీదున్నది,
రేపు వ్రతమైనంక గాని దిగదట.

జలంధర్ సీటు వెనక్కి వాల్చి
"అలవాటైన పనే గద" అన్నడు.

మొదటిరాత్రి, అనంతగిరిల,
గుడారం మూట విప్పితే గుడ్డ ఉన్నది, కడ్డీలు లేవు.
అప్పటికింకా ఏదీ అలవాటు కాలేదు గనుక
"ఆకాశం ఉన్నది గద" అన్నడు.
ఉన్నది.
అర్ధరాత్రి అది కురిసింది కూడ.

ఉద్యోగాలు ఇద్దరం ఒక్కరోజే వదిలినం.
నా రాజీనామా చదివి మేనేజరు
"ఆరోగ్యం ఏమైన..." అని గొంతు తగ్గించిండు.
అత్తమ్మ మాత్రం సూటిగనే అడిగింది:
"ఇల్లు కొనుక్కున్నది రోడ్ల మీద పండుకోనీకా?"

బండి సంగతి చెప్పాలె.
మాకంటే ముందు అది స్కూలు వ్యాను.
తెల్లరంగు రెండు పూతలు పూసినా
ఎండ పడితే లోపలి పసుపు నవ్వుతది.
సాగర్ పట్నం అవతల ఓ పొద్దున
నేను పండ్లు తోముకుంటుంటే
ఓ తల్లి ఉరికొచ్చి, కొడుకును సీట్ల కూసోబెట్టి,
టిఫిన్ డబ్బా నా చేతుల పెట్టి
వెనక్కి చూడకుండ పోయింది.
నోటినిండ నురగ, నాకు హిందీ రాలే.
జలంధర్ లుంగీ ఎత్తి పట్టుకొని ఆమె వెనక ఉరికిండు.
పిల్లగాడు కిటికీ పక్కకు జరిగి
"చలో ఆంటీ, లేటైతది" అన్నట్టు చూసిండు.

ఝాన్సీ గుంతల రోడ్డు మీద
గోంగూర సీసా పగిలి ఆయన నిద్రసంచిల ఒలికింది.
ఇగ అక్కడికెల్లి ఏ ఊరికి పోయినా
మాకంటే ముందు మా వాసన చేరేది.
కుక్కలు దూరంగ జరిగేవి.
ఓ ఆవు మాత్రం రాత్రంత
ఆయన కాళ్ళదిక్కు ప్రేమగ నాకుకుంట నిలబడ్డది.

పంజాబుల పోలీసాయన టార్చి కొట్టి
"పేరు?"
"జలంధర్."
"ఊరు కాదు, పేరు."
"జలంధర్."
"సరే, ఎక్కడికి పోతున్నవ్?"
ఆయన నా మొఖం చూసిండు, నేను చెట్లదిక్కు చూసిన.
"జలంధర్."
ఆ రాత్రి ఠాణా వరండాల ఫ్యాను కింద పండుకున్నం.
ప్రయాణం మొత్తంల మంచి నిద్ర అంటే గదే.

కొట్లాడుకోలేదని చెప్ప.
ఆరడుగుల బండిల అలిగినోళ్ళు ఏ గదిలకు పోవాలె?
జైసల్మేరు దాటినంక ఓ మాపటిపూట
మ్యాపు కాడ మాటా మాటా పెరిగి
నేను దిగి నడుసుడు మొదలుపెట్టిన.
వెనక మొదటి గేరుల బండి.
హారన్ కొట్టలే, పిలువలే.
నేను ఆగితే ఆగింది, నడిస్తే నడిచింది.
లైటు మాత్రం నా ముందటి ఇసుక మీదనే పడుతున్నది.
కిలోమీటరు పోయినంక
కాళ్ళు నొస్తున్నయని ఎక్కిన.
కాళ్ళు నొచ్చినయనే చెప్పిన.

ఇప్పుడు నల్లకుంట.
మా గల్లీ సగం తవ్వి పెట్టిండ్రు.
దోమలు మమ్ములను గుర్తువట్టినయి, ఇంకెవ్వరు పట్టలే.
కొత్తగొచ్చిన వాచ్‌మన్ కట్టెతోని అద్దం కొట్టి
"ఈడ బండి పెట్టొద్దు, ఇంటోళ్ళొస్తే లొల్లి చేస్తరు" అన్నడు.
"ఎసొంటోళ్ళు వాళ్ళు?" జలంధర్ అడిగిండు.
"నేను చూడలే. జరంత పిచ్చోళ్ళంటరు."
"నిజమే, విన్న" అన్నడు జలంధర్,
ఆయనకు సగం బిస్కెట్ పొట్లం ఇచ్చుకుంట.

పొద్దెక్కినంక రుక్మాబాయి దిగింది,
ప్రసాదంతోని, తాళంచెవితోని,
"గింత నల్లగయిండ్రేంది!" అనే మాటతోని.

తలుపు తీసినం.
మూడు గదులు. గంత జాగ ఎందుకు కొన్నమో యాదికి రాలే.
నేను వంటింట్ల గ్యాసు తిప్పి చూస్తున్న,
తిరిగి చూస్తే ఆయన లేడు.
హాలుల లేడు. పడకగదిల లేడు.
"ఏడున్నవ్?" అని పిలిచిన.
పదకొండు నెలలల
ఈ మాటతోని నాకు పనే పడలే.

కొంచెం సేపు ఏ చప్పుడు లేదు.
అటెనక అటక మీదికెల్లి దుమ్ము రాలింది,
తుమ్ము వినబడ్డది,
పాత కూలర్ పక్కనుంచి ఆయన గొంతు:
"కడ్డీలు దొరికినయ్!"