సొరబుర్ర చేతికొచ్చినప్పుడు

టికెట్ల కిటికీ పదింటికి తెరుస్తారట.
ఇప్పుడింకా ఆరు.
మోంటెవీడియోలో జూలై అంటే నడి చలికాలం,
నది మీంచి వచ్చే గాలి చెవుల్లో సూదులు గుచ్చుతోంది.
నెలిదా ఫ్లాస్కు మూత తిప్పి
మాతే ఆకు నింపిన సొరబుర్రలో వేడినీళ్లు వొంపింది.
మా లైన్లో ఒకటే చట్టం:
బుర్ర ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లది,
గొట్టం గురగురమన్నాక పక్కవాళ్లది.

మొదటి చేదు గుక్క నెలిదాదే.
"మూడు వేల తొమ్మిదొందల పెసోలు!
అదీ పైకప్పుకి తల తగిలే వరసలో.
అక్కణ్ణుంచి చూస్తే హిమేనా
నాకు బియ్యపు గింజంత ఆనుతుంది.
మా బేకరీ వెనకగదిలో పాడిన రాత్రి
నా తలమీది టోపీయే తిప్పాం అందరి ముందూ.
ఎంత పడింది? ఎనిమిదొందలూ చిల్లర,
చిరిగిన బస్సు టికెట్టొకటి, ఎవరిదో కోటు గుండీ.
ఆ గుండీ కూడా దాచుకుంది పిచ్చిపిల్ల."

బుర్ర వాషింగ్టన్ దగ్గరికెళ్లింది.
పేరుకి వాషింగ్టనే గాని
తన బస్సు రూటు దాటి ఎరగడు.
గొట్టం నోట్లో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.
చలికి చేతులు కాచుకుంటున్నాడనుకున్నాం.
"డబ్బు గురించి కాదు," అన్నాడు చివరికి,
"గిటారేదీ?
పాదానికీ పాదానికీ మధ్య
ఊపిరి పీల్చుకోవడం వినపడేది.
మా ఆవిడ పోయిన ఏడాది
ఆ ఊపిరి పట్టుకునే బండి నడిపాను.
ఇప్పుడా సందులన్నీ యంత్రాలతో పూడ్చేశారు,
పగుళ్ల మీద సున్నం కొట్టినట్టు."

లుదమీలాకి పదిహేడు. బుర్ర వచ్చేదాకా ఆగలేదు.
"అవి మీ దుఃఖాలు! ఆమెవి కావు.
పదహారేళ్ల పిల్ల చేత అరవైయేళ్ల ఏడుపు పాడించి
ఆహా ఓహో అన్నారు.
నిరుడు కొన్న చొక్కా నాకు ఈ ఏడు పట్టడం లేదు,
ఆమె గొంతుకి మాత్రం పాత కుట్లే ఉండాలా?"
"చట్టం, చట్టం," అన్నారు వెనకనుంచెవరో.
వాషింగ్టన్ నొచ్చుకోలేదు.
బుర్ర తుడిచి ఆమె చేతిలో పెట్టాడు,
"ఇప్పుడు మళ్లీ చెప్పు."
ఆమె చెప్పలేదు. తాగింది. మొహం చిట్లించింది.

తర్వాత వంతు నాది.
ఆకు సారం దిగిపోయింది, నీళ్లు గోరువెచ్చన.
ఆరేళ్లుగా నోట్లో నలుగుతున్న మాటొకటుంది.
ఆ రాత్రి పాట మధ్యలో
రొట్టెల ట్రే జారవిడిచింది నేనే.
ఆ మోతకి నెలిదా నన్ను కొట్టొచ్చినంత పని చేసింది,
హిమేనా మాత్రం ఫక్కున నవ్వి
నవ్వులోంచే చరణం అందుకుంది.

"కొత్త పాటలో మూడో నిమిషం," అన్నాను,
"ఆ మోతల అడుగున వినండి. నా ట్రే ఉంది."

లుదమీలా ఫోను తీసింది.
ఒక ఇయర్‌ఫోన్ నెలిదాకి, ఒకటి వాషింగ్టన్‌కి.
మూడుసార్లు విన్నారు.
డోలు దెబ్బన్నాడు వాషింగ్టన్.
ఏదో తలుపన్నది లుదమీలా.
నెలిదా ఏమీ అనలేదు,
టోపీ తీసి, దులిపి, మళ్లీ పెట్టుకుంది.
నాకే అనుమానమొచ్చింది:
ట్రే మోగిందా,
లేక ఆరేళ్లుగా నా తలకాయే మోగుతోందా?

కిటికీ తెరుచుకుంది.
మూడు వేల తొమ్మిదొందలవి అయిపోయాయట,
ఆన్‌లైన్లో, రాత్రికి రాత్రే.
ఇక మిగిలింది నాలుగువేల ఆరొందలవి,
వాటిల్లోనూ కొన్నింటికి స్తంభం అడ్డం.
లైన్లో తిట్లు. ఒక్కరూ కదల్లేదు.
కదిలింది ముందుకే, అరడుగు.

నెలిదా పర్సు జిప్పు లాగి
కిటికీలోకి తల వంచింది:
"దుర్భిణీలు అద్దెకిస్తారా బాబూ?
దానికెంత?"