శిఖరం లేని గురుతు

గ్యాండర్ ఊరి కొట్లో కుర్రాడు
తొమ్మిదంగుళాల తెర వెలిగించాడు.
ఎరుపంటే రాయి, పసుపంటే చేప,
నీలమంటే ఏమీ లేదన్నాడు.
హెడ్లీ బాబాయి కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి
"చేపకి ఆకలేస్తోందో లేదో చెబుతుందా?" అనడిగాడు.
చెప్పదట.
"అయితే అయిదంగుళాలది చాలు."

ఇన్నాళ్ళూ ఆయనకి తెరెందుకు?
చర్చి శిఖరం గన్నెట్ రాతి భుజాన ఆనగానే
ఇంజను ఆపేసేవాడు.
కింద ఇరవై రెండు బారల లోతున దిబ్బ,
దిబ్బ మీద కాడ్ చేప.

నిరుడు చర్చి కూల్చేశారు.
కప్పు కారుతోంది, ఆదివారం వచ్చేది నలుగురే,
ఎవర్నని ఏం లాభం.
గంటని మ్యూజియం వాళ్ళు పట్టుకెళ్ళారు.
దిబ్బ ఉన్నచోటే ఉంది,
దాన్ని చూపించే వేలే లేదు.

పడవ వెనక పలకకి బిగించాలి ఆ నల్ల గుండీని,
పంకా నురగకి దూరంగా, నీట మునిగేట్టు.
నురగ తగిలితే దానికి చెవుడట.
కాగితం చదివింది నేను.
డ్రిల్లు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు బాబాయి.
గెరాల్డ్ కడుపులో ఉన్న చలికాలం
తను చెక్కిన పలక అది.
"నీళ్ళు రాకూడదనే కదే కట్టాను, వెర్నా!"

పిన్ని వంటింట్లోంచి
టర్నిప్పులు కోసే ప్లాస్టిక్ పలక తెచ్చింది,
కత్తిగాట్లన్నీ అలాగే ఉన్నాయి.
"ముందు దీన్ని బిగించండి. రెండే చిల్లులు,
అవీ నీటిగీతకి పైన.
మిగతా పోట్లన్నీ ఇదే పడుతుంది."
కంపెనీ కాగితంలో ఈ మాట లేదు.

జూలై శనివారం. మనిషికి అయిదు చేపలే చట్టం.
తెర మీద నీలం, నీలం, ఇంకా నీలం.
ముప్పావుగంట తిరిగాక
అడుగు గీత ఒక్కసారి వీపు విరుచుకుంది.
నూట ముప్పై రెండు.
"అంత లోతా?" హడలిపోయాను.
"అడుగుల్లో చెబుతోందే పిచ్చిదానా, ఆరు పెట్టి భాగించు."
ఇరవై రెండు.

గాలం వెయ్యలేదు బాబాయి.
తెర వంక చూడనూ లేదు.
లేచి నిలబడి, ఒక కన్ను మూసి, చెయ్యి చాచి
గట్టు మీద కొత్త సెల్ టవరుని
రాతి భుజానికి రెండు వేళ్ళ అవతల నిలిపాడు.
"గుర్తుపెట్టుకో.
బ్యాటరీ చచ్చిన రోజుకి."

ఆ పూట పడ్డవి మూడే.
తెర మీద మాత్రం బోలెడు,
పసుప్పచ్చగా,
ఆకలి లేకుండా.