ఏడో నంబరు బోరు

గుణుపూర్ దాటాక, కొండల మొదట్లో
ఒక రేకుల షెడ్డులో
రాతికడ్డీలు కొలవడం నా ఉద్యోగం.
పెట్టెకి మూడు మీటర్లు.
బెత్తెడు కంటే పొడుగు ముక్కలెన్ని, పొట్టివెన్ని,
పిండై వచ్చిందెంత.
విరక్కుండా వచ్చిన రాయికే మార్కులు.

వెతుకుతున్నది బాక్సైటు కాదు.
ఏమీ జరగని చోటు కోసం వెతుకుతున్నాం.
నీరు సోకని, కదలని, ఎవరి కన్నూ పడని
ఒక్క ముద్ద రాయి.
గాజులో కరిగించి, ఉక్కులో మూసి,
బంకమట్టి చుట్టిన అణుబూడిదని
అది లక్షేళ్లు మోయాలి.
మోస్తోందని ఎవరికీ గుర్తులేని రోజుల్లో కూడా మోయాలి.

నా కాంట్రాక్టు పదకొండు నెలలు.

రిగ్గు మీద గెంబలి నరిసింగు,
కడ్డీ మోతని బట్టి రాయి పేరు చెప్పే మనిషి,
నాలుగొందల పన్నెండో మీటరు దగ్గర చెయ్యెత్తాడు.
"నీల్లు పోతన్నాయి మేడమ్.
దిగినవి దిగినట్టే, మల్లీ పైకి రావట్లేదు."

తీసి చూస్తే
చార్నొకైట్ నలుపులో గోరంత సందు.
సందు గోడలకి పాచిరంగు పొర,
దాని మీద ఉప్పురవ్వల్లా కాల్సైట్.
నాలిక ఆనించాను. మేం రాళ్లు నాకుతాం, నవ్వకండి.
మనుషులు పుట్టకముందెప్పుడో
తడికాళ్లతో ఇటుగా ఏదో నడిచెళ్లింది.

"పాత పగులు, పూడిపోయింది" అన్నారు ఫోన్లో పెద్దసారు.
పూడిందే అనుకుందాం సార్,
ఆ డబ్బాలు వందల ఏళ్లు కాగుతూనే ఉంటాయి కదా,
కాగిన రాయి ఒళ్లు విరుచుకోదా?
అట్నుంచి కాసేపు ఏసీ చప్పుడు.
సరే, రంగు పోసి చూడమన్నారు.

పోశాం.
వానలు మొదలయ్యాయి. షెడ్డు కారింది.
పెట్టెల మీద నేను రాసిన అంకెలు సగం చెరిగాయి.

నలభై ఒకటో రోజు
సోంబారి శబర అల్యూమినియం బిందె ఎత్తుకొచ్చి
నా బల్ల మీద పెట్టింది.
కిలోమీటరున్నర కింద, చోడిచేను వార ఊట నీళ్లు.
లేత చిలకరంగు.
సవర మాటల్లో కాస్త ఒడియా, కాస్త తెలుగు కలిపి
"కొండకి కామెర్లొచ్చాయా?" అంది.

భయం లేదు, ఉత్త రంగే అన్నాను.
బిందెలోకి చూస్తూ చాలాసేపు నిలబడింది.
"మీరు దాచబోయేదానికి
రంగుంటాదా?"

రిపోర్టు ఒకటిన్నర పేజీ.
లోతు, దూరం, రోజులు.
చివర 'అనుకూలం కాదు'.
రంగు సంగతి ఆవిడ అడిగిందని
రాయడానికి గడి లేదు అందులో.

రిగ్గు విప్పుతున్నారు. ఎనిమిదో బోరు ఇంకో కొండ మీదట.
నరిసింగు మరలకి గ్రీజు పూస్తూ
ఆ కొండనీ ఎగాదిగా చూస్తున్నాడు.

పోయే ముందు సోంబారి ఒక కడ్డీ అడిగింది.
ఇవ్వకూడదు, నంబరున్న శాంపిలు.
పెట్టెలన్నీ తడిమి
నూటికి నూరు మార్కులొచ్చిన మూరెడు ముక్కనే ఏరుకుంది,
పొత్రానికి బావుంటుందని.

సాయంత్రం కింది ఊరి నుంచి
మిరపకాయలు నూరుతున్న ఘాటు.
తుమ్ముతూ
ఖాళీ అయిన గడి పక్కన రాశాను:
ఒక ముక్క లేదు.