వేలు

ఈ జాగ పేరు సజ్జ.
మా దిక్కు సజ్జ అంటే రొట్టె.
షార్జాల సజ్జ అంటే క్యాంపులు, క్రషర్లు, సిమెంటు లారీలు.

పొద్దుగాల నాలుగున్నరకు గేటు కాడ
పంచింగ్ మిషన్ పక్కపొంటి కుర్చేసుకొని కూసుంట.
నా కొలువు పేరు టైంకీపర్.
టైమును నేనేం దాస్త?
అచ్చినోళ్ళను రాసుకుంట, అంతే.

ఆరు వందల బొటనవేళ్ళు.
పచ్చలైటు వెలిగితే మనిషి.
ఎర్రలైటు వెలిగితే
ప్లీజ్ ట్రై అగైన్ అని ఒక ఆడమనిషి గొంతు.
అంత తియ్యగ ఈ క్యాంపుల ఇంకెవలూ మాట్లాడరు.

బక్కన్నకు వారం నుంచి ఎర్రలైటే.
టైల్స్ మేస్త్రి. పద్నాలుగేండ్ల గ్రౌటు, ఆసిడు
వేలి మీది గీతల్ని తినేసినయి.
నెత్తినూనెకు రుద్దుతడు, చెంపకు రుద్దుతడు,
నాలికతోని తడి చేస్తడు.
పసిపిల్ల బుగ్గ లెక్క నున్నగుంది.
మిషన్‌కు అది వేలు కాదు.
ఈ వేలు లేకుంటే నెలాఖరుకు ఆ వేలు లేవు.
వెనక లైను తిడుతుంటది, బస్సు హారన్ కొడుతది.
నేను కాయితం మీద రాస్త: బక్కన్న, హాజరు.
కాయితాన్ని ఆఫీసు నమ్మది.
మూడు దినాల కూలి కోసిండ్రు.

మా తాత రాజనర్సు కూడ వేలే పెట్టిండు.
పటేలు అరుగు మీద, నీలిసిరాల ముంచి,
బర్రె కోసం తెచ్చిన అరవై రూపాలకు.
తొమ్మిదేండ్లు జీతమున్నడు.
అప్పుడు మా ఊళ్ళె ఆ మాటకు అర్థం ఒకటే:
పక్కోని ఎడ్లతోని లేసుడు, పక్కోని ఎడ్లతోని పండుడు.
ఇప్పుడు ఫోన్ టింగుమంటది,
జీతం పడ్డదని నవ్వుకుంటం.
మాట మారలే.
మేము మారినమో లేదో ఎవల్నడగాలె?

మా రూంల సాయన్నది ఆజాద్ వీసా.
ఏడాదికింత అని కఫీలుకు కట్టుకుంట ఆజాద్ ఉంటడు.
ఒక్క కిస్తీ తప్పితే ఆజాద్ కాడు.

ఒక రాత్రి మెస్సు కాడ, పప్పుల రొట్టె ముంచుకుంట
బక్కన్ననే అడిగిన. కస్సుమన్నడు.
"నన్నెవడు కట్టేసిండు రా భూమేశా?
లక్షా ఇరవై వేలు ఏజెంటుకు కట్టి
నా కాళ్ళతోని నేనచ్చిన.
యాటను కోసి దావతిచ్చి మరీ అచ్చిన.
మీ తాత పటేలు ముంగట చెప్పులు చేతవట్టి నడిచిండు.
చూడు, నాకు బూట్లు."
చూసిన. ఇనుప మూతి బూట్లు.
వాటి పైసలు పోయిన నెల జీతంల కోసిండ్రు.
ఆ లెక్క నా చేతిరాతే.
నోరు మూసుకొని రొట్టె తిన్న.

ఐతారం నాడు పఠాన్ వాచ్‌మన్ చెప్పిండు,
బక్కన్న గేటు దాటి పోయిండని.
గేటుకు తాళం లేదు. ఎన్నడూ లేదు.
ఖల్లివెల్లి అయిండనుకున్నం,
పాసుపోర్టు లేకుంట, ముద్ర లేకుంట,
ఎవ్వలి మనిషీ కాకుంట.
కొందరు అయ్యో అన్నరు. నేను కుళ్ళుకున్న.

మాపటికి అచ్చిండు. బూట్ల నిండ ఇసుక.
"పెద్దరోడ్డు దాక పోయిన. చౌరస్తాల నిలబడ్డ.
దుబాయి అటు, ధైద్ ఇటు అని బోర్డు.
ఎవ్వడూ ఆపలే రా. ఎవ్వడూ అడగలే.
గంటసేపు అట్లనే.
యాడికైన పోవచ్చు.
యాడికి?
ఎండిపోయిన మూడు బోర్లు యాదికచ్చినయి.
సంఘం లోను, దాని మిత్తి.
కడక్ చాయ్ తాగి అచ్చిన.
చాయ్ మాత్రం మస్తుండె."
ఇసుక దులిపి, బూట్లు మంచం కిందికి తోసి పన్నడు.

పొద్దుగాల నాలుగున్నర.
మళ్ళ బక్కన్న, మళ్ళ ఎర్రలైటు, మళ్ళ ఆ తియ్యటి గొంతు.
ఈసారి మిషన్ దిక్కు చూసి నవ్విండు,
"నువ్వన్న నన్ను పట్టలేవు తియ్."
అని బస్సెక్కిండు.

లైను ఒడిసినంక నా హాజరు నేనే ఏసుకుంట.
పెన్ను తప్ప ఏమీ పట్టని వేలు,
ఒక్క గీత చెరగలే.
ఇట్ల తాకంగనే
పచ్చలైటు.