ఎసరు లెక్క

హాజరు పట్టీలో మిగిలిపోయిన తెల్లకాగితం ఒకటి
హెడ్‌మాస్టరమ్మని అడిగి చించుకొచ్చినా.
నూట అరవై రెండు మంది పిలకాయలకి
పదమూడేళ్లుగా వొండతా వుండా గానీ
ఇంట్లో పదకొండు మందికి
ఏమేం కావాలో రాద్దామని కూర్చుంటే
పెన్సిలు ముందుకు పోదు.

బడిలో అంతా గ్రాములే.
తలకి ఇంత బియ్యం, ఇంత పప్పు, ఇంత నూనె.
కాగితం చెప్తాది, చెయ్యి వింటాది.
ఆకలిని తూకమేసిన చేతికి
ఇష్టాన్ని దేంతో కొలవాలో తెలీటంలా.

క్రిస్మస్ ఈసారి గురువారం పడింది.
శేషారత్నం గురువారం నీసు ముట్టదు.
దానికి వేరే పొయ్యి, వేరే గరిటె,
గుమ్మడికాయ పులుసు, వంకాయ కారం.
కాసింబీ తినాలంటే కోడిని వాళ్ల తమ్ముడే కోసియ్యాల,
బుధవారం పొద్దుగూకేలోగా ఆ పిల్లోడికి ఫోను.
పెంచలమ్మకి పళ్లు లేవు.
ముక్క నాలిక మీద పెడితే కరగాల,
పచ్చి బొప్పాయి నూరి పట్టించి రాత్రే నానెయ్యాల.

చేపల పులుసు మాత్రం ముందురోజే.
పులుసుకి ఒక రాత్రి నిద్ర కావాల,
నిద్రపోయి లేచినాకే దానికి బుద్ధొస్తాది.
రామాయపట్నం పడవలు ఏ పూట ఒడ్డుకొస్తాయో
కనుక్కోమంటే మా ఆయన
మోకాలు రుద్దుకుంటా, "వాయుగుండం అంటుండారే" అన్నాడు.
వాన పడితే చెరువు బొచ్చె. అదీ రాసినా.

డిసెంబరులో మామిడికాయ యాడుంటాది?
నాకాడ వుండాది.
ఎండాకాలం గాలికి రాలిన కాయలు
ఉలవపాడు తోటల్లో ఏరకొచ్చి
చెక్కలు కోసి, ఉప్పేసి, మిద్దె మీద ఎండేసి
డబ్బాకెత్తినప్పుడు
"ఎందుకే ఇన్ని ఒరుగులు" అన్నది మా అత్త.
అప్పుడు నాకూ తెలీదు.
ఇప్పుడు మూత తీస్తే ఇల్లంతా మే నెల.

ఉల్లిపాయలు పదిహేను కేజీలని రాసి
నవ్వొచ్చి కొట్టేసినా.
గ్యాసు బండ తట్టి చూస్తే బోలుగా పలికింది.
కట్టెలు వసారాలోకి చేర్చాల, పట్ట కప్పాల.
పెద్ద దబర వజ్రమ్మ బడిలో వుండాది గానీ
బడి దబర వద్దు.
ఆ సొట్టల గిన్నెని పండగనాడు కూడా చూడలేం.

ఒంటి గంటకి తినాలంటే
పన్నెండున్నరకి దమ్ము దించాల,
పదకొండున్నరకి ఎసరు,
అంతకుముందే మసాలా వేగాల,
దానికి ముందు చర్చి, చర్చికి ముందు ముగ్గు,
ఇట్టా వెనక్కి వెనక్కి నడిచి
తెల్లారుజామున మూడు దగ్గర ఆగినా.
రోజూ లేచేది నాలుక్కి. ఒక గంటే గదా.

ఈ పదకొండు మందీ
పదకొండు బళ్ల పొయ్యిల కాడ పొగ మింగేవాళ్లే.
పిలకాయలు చేతులు కడుక్కున్నాక
అడుగంటింది గీరుకోని
గుండిగ పక్కన గొంతుక్కూర్చోని తినేవాళ్లే.
మూణ్ణెల్ల బిల్లు రాలేదని
మండలాఫీసు మెట్ల మీద కూర్చున్నరోజు
"ఒకరు వడ్డిస్తే తిని ఎన్నేళ్లయిందే" అని కాసింబీ అన్నది.
ఎవురూ లెక్క చెప్పలా.
నేనే నోరు జారి పిలిచినా.

కాగితం అడుగున ఒకటి మిగిలింది:
వడ్డించేది ఎవురు?
నేను లేస్తే వాళ్లంతా లేస్తారు.
గరిటె కనపడితే మా చేతులు వూరుకోవు.
"నేనేస్తాలే" అన్నాడు మా ఆయన.
ఇరవై రెండేళ్లలో
కడవలోంచి నాకు గ్లాసు నీళ్లు ముంచిచ్చిన మనిషి కాదు.

రాత్రి నించి నేర్పిస్తా వుండా.
ఒట్టి గరిటె, ఒట్టి కంచం.
ఎడమ పక్క ఉప్పు, తర్వాత పెరుగు పచ్చడి.
"వాళ్లు చాలంటారు, వినొద్దు,
ఇంకొంచెం అని అడిగి మరీ వెయ్యి" అంటే
"ఇంకొంచెమంటే ఎంత?" అని
కళ్లజోడు పెట్టుకోని
నా కాగితంలో వెతుకుతా వుండాడు.